వంటమనిషి సీటు

బీకానేర్,
2025 నవంబరు 3, సోమవారం.

మన శ్రీశైలం నాయినకు కొండమ్మ నమస్కారాలు.

ఒంట్లో బాగానే ఉంది. మనసే బాగాలేదు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. రోజూ పొద్దుగూకే వేళ మీరు ఫోను చేస్తూనే ఉన్నారు. "దర్శనాలు మంచిగ అయితున్నయా?" అని అడుగుతారు. "ఆఁ, అయితున్నయి" అంటాను. అది అబద్ధం. ఫోనులో నాకు మాట పెగలదు. నేను రెండు మాటలు కూడగట్టుకునేలోపు మీరు "సరే మరి, ఉంట" అని పెట్టేస్తారు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపేవాళ్ళు లేరు. మాతో వచ్చినవాళ్ళలో నవనీత అని ఒక అమ్మాయి ఉంది, తాండూరులో బడిపంతులమ్మ. నేను రాసిన పేజీలు ఫోటోలు తీసి మీ ఫోనుకు పంపుతానంది. పోస్టులో వేస్తే నేను ఇల్లు చేరాక ఎప్పుడో చేరుతుంది. అప్పటికి ఎందుకూ పనికిరాదు. కాబట్టి ఇది అందగానే చదవండి.

మనం ఊళ్ళో అనుకున్నదేమిటి? బావ, తోడికోడలు రుక్కమ్మక్క, నేను కలిసి జంగప్ప తీసుకుపోయే కార్తీక యాత్రకు వెళ్ళాలని. ముందు పుష్కర్, తర్వాత బీకానేర్, పున్నమి నాడు కోలాయత్ చెరువులో స్నానం, దీపం. ఆ దీపం కోసం దసరా వెళ్ళిన మర్నాటి నుంచి కూర్చుని మూడు వందల అరవై ఐదు వత్తులు నా చేత్తో చేసుకున్నాను. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ ఆ ఒక్కరోజు పెట్టే దీపం అది. మీకు చెప్పని ఆశ ఇంకొకటి కూడా ఉంది. పదో తరగతి సోషల్ పుస్తకంలో థార్ ఎడారి పాఠం పక్కన ఇసుక గుట్ట, దాని మీద ఒంటె బొమ్మ ఉండేది. పరీక్షలైపోయి పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేటప్పుడు ఆ ఒక్క పేజీ చించి దాచుకున్నాను. యాభై ఏళ్ళు వచ్చాయి, అనంతగిరి దాటి ఏ గుట్టా చూడలేదు. ఇది చూస్తాననుకున్నాను.

పుష్కర్‌లో దిగిన పొద్దున జంగప్ప నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, వంట చేసే ఆమె తాండూరులనే ఆగిపోయింది, పానం మంచిగ లేదట. జర ఇయ్యాల్టికి నువ్వు చూసుకో. నువ్వేమన్న పరాయిదానివా, మా ఇంటిమనిషివి గదా" అన్నాడు. ఒక్కపూట కదా అని కొంగు దోపుకున్నాను. ముప్పై ఎనిమిది మందికి అన్నం, పప్పు, పచ్చిపులుసు. వాళ్ళు బ్రహ్మదేవుడి గుడికి పోయి వచ్చేసరికి నేను ఇంకా గంజులు తోముతున్నాను. మర్నాడు మళ్ళీ "అక్కా, జర" అన్నాడు. ఆ మర్నాడు "జర" కూడా పోయింది, తెల్లవారుజామున సత్రం తలుపు మీద ఊరికే రెండు దెబ్బలు కొట్టి పోయాడు.

రైలులో బీకానేర్ వచ్చి మూడు రోజులైంది. స్టేషన్ వెనుక ధర్మశాలలో ఉన్నాం. ఇక్కడ ఎర్రరాతితో కట్టిన పాతకోట ఉంది. వంటింటి పైకప్పు ఎక్కితే దాని గోడ కొంచెం కనబడుతుంది. బట్టలు ఆరేసేటప్పుడు అదే చూస్తాను. మిగతా వాళ్ళు లోపలంతా తిరిగి వచ్చి అద్దాల గదులు, బంగారు రేకుల గదులు అని చెప్పారు. నిన్న దేశ్‌నోక్ అమ్మవారి గుడికి పోయారు. అక్కడ ఎలుకలు దేవుళ్ళట, గుడినిండా వేలకొద్దీ తిరుగుతాయట. రుక్కమ్మక్క చెప్పిన తీరు వినాలి మీరు. "ఎలుక నా కాలి మీదికెళ్ళి ఉరికిందే కొండా! మస్తు పున్నెమంట. నేనైతే గుడి లేచిపోయేటట్టు ఒర్లిన. మీ బావ సిగ్గుకు నన్నిడిసిపెట్టి చెప్పుల కాడికి పోయిండు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే చారు వడ్డించాను. అక్క గిన్నె ముందుకు జరిపి, "నీ చేతి పచ్చిపులుసు లేకుంటే మీ బావకు ముద్ద దిగదు" అంది. తోడు రమ్మని నన్ను తెచ్చింది అక్కే. ఈ ఏడు రోజుల్లో తోడుగా ఒక్కపూట నా పక్కన కూర్చుని ఒక్క ఉల్లిగడ్డ పొట్టు తీయలేదు.

కూరగాయల కోసం మాత్రం రోజూ ఊళ్ళోకి పోతాను. ఒంటెలు లాగే బండ్ల మీద ఉన్ని మూటలు పోతుంటాయి. వాసన గుర్తుపట్టి ఒక మూటలోంచి చిటికెడు లాగి చూశాను. మన నల్లగొర్రె ఉన్ని లాగ బిరుసుగా లేదు, తెల్లగా, పొడుగ్గా ఉంది. ఎడారిలోకి పోయేవాళ్ళకు ఈ ఊరు వాకిలి లాంటిదని నవనీత చదివి చెప్పింది. వాకిలి దాకా వచ్చి నేను చేస్తున్నది ఇంటి దగ్గర చేసే పనే.

ఈరోజు మధ్యాహ్నం, ఇక్కడ తిరగడానికి మాట్లాడిన బస్సు తలుపుకు అతికించిన కాగితం చూశాను. యాత్రికులు అని రాసి, ఒకటి నుంచి ముప్పై ఎనిమిది దాకా పేర్లున్నాయి. బావ పేరుంది, రుక్కమ్మక్క పేరుంది. నా పేరు లేదు. అన్నిటికంటే కింద "వంటమనిషి – 1" అని ఉంది. పేరు కూడా లేదు. ఇంటిమనిషి, ఇంటిమనిషి అని నోటితో అంటూ కాగితం మీద రాసింది ఇదీ! జంగప్పను అడుగుదామని పోయాను. వాడు ఫోనులో ఉన్నాడు. చెయ్యి ఊపి తర్వాత రమ్మన్నాడు. నేను తిరిగి వచ్చి బియ్యం కడిగాను. అందుకు నా మీద నాకే మండుతోంది.

ఎల్లుండి పున్నమి. పొద్దున్నే అందరూ కోలాయత్ పోతారు. ఒక్కపొద్దుతో దీపాలు పెట్టి చంద్రుణ్ణి చూసి తిరిగి వస్తారు. వచ్చేసరికి వేడివేడిగా వంట ఉండాలట. అంటే నేను ఇక్కడే ఉండాలి. మీరు వెంటనే జంగప్పకు ఫోను చేయండి. కొండమ్మ యాత్రకు వచ్చింది, వంటకు రాలేదు అని చెప్పండి. నేను చెబితే వినరు, మీరు చెబితే వింటారు. ఇదొక్కటి చేయండి చాలు.

మీ మాట కోసం ఎదురు చూసే
శ్రీశైలం అమ్మ


బీకానేర్,
నవంబరు 4, మంగళవారం.

అనంతయ్యకు,

పేరు రాశాను. పెనిమిటి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు, రేషన్ షాపులో అడిగినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించాను. ఈరోజు రాయాలనిపించింది, రాశాను.

మీరు రికార్డు చేసి పంపిన మాట విన్నాను. నవనీత ఫోను నా చెవి దగ్గర పెట్టి తను దూరంగా వెళ్ళింది, మర్యాద తెలిసిన పిల్ల. మూడుసార్లు విన్నాను. మీరన్న మాటలు మీకే గుర్తు లేకపోవచ్చు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. "గింత పెద్ద ఉత్తరమేందే కొండా? సదివేసరికి గొర్లు కందిచేన్ల వడ్డయి. నాకు తెల్వదనుకున్నవా? జంగప్ప నన్నే అడిగిండు. సీట్లు నిండినయన్నా, వంటామె రానన్నది, ఒక్క గా సీటే ఉన్నది, మీ ఆమె వస్తదా అన్నడు. వస్తది, మా ఆమె ఏమనదు అన్న. నీకు చెప్తె రానంటవని చెప్పలే. సీటు దొరికింది గదా! వంట నీకేమన్న కొత్తనా? దీపం ఏడ వెట్టినా దేవుడు చూస్తడు. గొడవ చేయకు, అన్న ఇజ్జత్ పోతది."

జంగప్పది మోసం అనుకున్నాను, రుక్కమ్మక్కది గడుసుతనం అనుకున్నాను. నిన్నంతా వాళ్ళిద్దరినీ మనసులో తిట్టుకున్నాను, తిట్టుకున్నందుకు దేవుడికి చెంపలు వేసుకున్నాను. నన్ను వంటమనిషి సీటులో కూర్చోబెట్టింది మీరు. రైలెక్కించేటప్పుడు తాండూరు స్టేషనులో నా చేతిలో జామపండ్ల సంచి పెట్టి, "మంచిగ దర్శనం చేసుకొని రా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు మీ మొహం నాకు గుర్తుంది. ఏదో దాచినవాడి మొహంలా లేదు. అదే నాకు భయంగా ఉంది. దాచినట్టు కూడా మీకు అనిపించలేదు.

సీటు లేదని చెప్పి ఉంటే నేను వచ్చే ఏడు పోతాననేదాన్ని. వంటకైతేనే సీటు అని చెప్పి ఉంటే, ఏమో, ఒప్పుకునేదాన్నేమో కూడా. వండటం నాకు చిన్నతనం కాదు. బీరప్ప పండుగకు ఊరంతటికీ వండాను, ఒక్కనాడైనా విసుక్కున్నానా? కానీ నన్ను అడగాలి. నన్ను అడగకుండా, నా తరఫున "ఏమనదు" అని మీరెలా చెప్పారు?

ఇప్పుడు ఒక మాట రాస్తాను. ఇరవై ఆరేళ్ళ కిందటి సంగతి, తెలిసినప్పటి నుంచీ కడుపులో పెట్టుకున్నాను. శ్రీశైలం మూడేళ్ళ పిల్లగాడు అప్పుడు. మన యాలాల్‌లో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం పడింది. మన గల్లీలో పది పాసైన కోడలిని నేనొక్కదాన్నే. పెద్దమేడం మనింటికి వచ్చి అడిగి పోయింది. నేను మీతో చెప్పాను, మీరు "చూద్దాం తీ" అన్నారు. తర్వాత ఆ ఉద్యోగం రాహేలమ్మకు వచ్చింది. నాకు అదృష్టం లేదనుకున్నాను. రాహేలమ్మ మంచిది, ఆమె మీద నాకెప్పుడూ కోపం లేదు. ఆరేడేళ్ళు గడిచాక ఒకరోజు బోరింగు దగ్గర ఆమే అంది, "నువ్వు రానన్నవని మీ ఆయన మేడంకు చెప్పిండు గదా కొండమ్మ, లేకుంటె గా నౌకరి నాకెందుకొస్తుండె?" అని. నా బిందె నిండి పొర్లుతోంది, ఆమె చెబితే గాని చూసుకోలేదు.

నేను రానన్నానా? ఎప్పుడన్నాను? ఎవరితో అన్నాను? అత్త మంచంలో ఉంది, వంట ఎవరు చేస్తారని మీరనుకున్నారు. అది నిజమే కావచ్చు. అయితే "మా ఇంట్ల కష్టమైతది" అని చెప్పి ఉండాల్సింది. "మా ఆమె రానంటది" అని నా నోట్లో మాట పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మీకు రొట్టెలు చేసి పెట్టాను. అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు. అడగలేదు కాబట్టే ఇప్పుడు జంగప్ప ముందు "ఏమనదు" అన్నారు. అప్పుడే అడిగి ఉంటే ఈరోజు నాకు ఈ గతి పట్టేది కాదు. మీ తప్పు ఎంత పెద్దదో నా మౌనం తప్పు కూడా అంత ఉంది, కానీ ఈరోజు నా తప్పు గురించి ఆలోచించే ఓపిక నాకు లేదు.

దీపం ఎక్కడ పెట్టినా దేవుడు చూస్తాడా? అయితే మీరు ఏటా మన్యంకొండ దాకా ఎందుకు నడిచిపోతారు? ఇంట్లోనే దండం పెట్టుకోవచ్చు కదా! బావ ఇజ్జత్ అన్నారు. ఎనిమిది రోజులుగా మరదలు గంజులు తోముతుంటే పోని ఇజ్జత్, నేను తోమనంటే పోతుందా?

రేపు ఏం చేస్తానో నాకే తెలియదు. ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. తిరుగు రైలు తాండూరులో దిగాక నేను యాలాల్ రాను. పెద్దేముల్ పోతాను, మా తమ్ముడింటికి. నన్ను పిలుచుకుపోవడానికి మీరు రావద్దు, శ్రీశైలాన్ని పంపవద్దు. ఎవరైనా అడిగితే మీరు నా తరఫున ఏం చెప్పాలో మీకు బాగా అలవాటే కదా, చెప్పుకోండి.

కొండమ్మ


బీకానేర్,
నవంబరు 6, గురువారం.

శ్రీశైలం నాయినకు,

నిన్న మీరు పదకొండుసార్లు ఫోను చేశారని చూశాను. ఎత్తలేదు. ఫోను సంచిలో అడుగున ఉంది. జరిగింది వరుసగా రాస్తాను.

నిన్న పొద్దున ఐదింటికే స్నానం చేసి, మీరు సంగారెడ్డిలో కొన్న పచ్చచీర కట్టుకుని, వత్తుల కట్ట, నెయ్యి సీసా సంచిలో పెట్టుకుని బస్సు దగ్గర నిలబడ్డాను. జంగప్ప చూశాడు. "ఏందక్కా, బాజారుకా?" అన్నాడు. "కోలాయత్‌కు" అన్నాను. వాడు నవ్వాడు. "బస్సుల జాగ లేదు గదా అక్కా. ముప్పై ఎనిమిదే సీట్లు. ఇంతమంది పొద్దుమీకి ఆకలితోని వస్తరు, ఎట్ల మరి?" అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు. రుక్కమ్మక్క మెట్టు మీదికి వచ్చి, "పున్నంనాడు గింతమందిని ఉపాసం పండవెడ్తవానే? ఇంటిమనిషివి, నువ్వే గిట్ల జేస్తె ఎట్లనే కొండా?" అంది. గొంతు పెద్దగా రాలేదు, ఎప్పటిలాగే చిన్నగా వచ్చింది. కానీ వచ్చింది. "ఇంటిమనిషినైతే బండ్ల కూసోవెట్టుండ్రి. వంటమనిషినైతే ఇయ్యాల నాకు సెలవ్" అన్నాను. వంటింటి తాళంచెవి జంగప్ప చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్కడిదో తెలియనట్టు. నవనీత తన సీటిస్తానని లేచింది. వద్దన్నాను. ఎవరో ఇచ్చిన సీటులో కూర్చోవడం అంతకుముందే ఒకసారైంది. బావ మాత్రం కిందికి చూస్తూ ఉన్నాడు.

ఊరి బస్సెక్కి పోయాను. బస్సునిండా జాతరకు పోయే ఆడవాళ్ళు, ముసుగులు, గాజులు, పాటలు. నాకు తాండూరు బాజారులో నేర్చిన హిందీ తప్ప రాదు. ఎక్కడి నుంచి వచ్చారని "కాఁసే ఆయే?" అంటే వాళ్ళకు నవ్వు. అయినా జరిగి చోటిచ్చారు. కిటికీలోంచి ఎడారి చూశాను. పుస్తకంలో బొమ్మలా లేదు. నున్నటి ఇసుక గుట్టలు ఒకటో రెండో కనబడ్డాయి, మిగతాదంతా పొడి నేల, తుప్పలు, వాటి మధ్య చెట్లు. ఏ చెట్లో తెలుసా? జమ్మి చెట్లు! మనం దసరా నాడు ఊరి బయటకు పోయి వెతుక్కుని మొక్కే జమ్మి ఇక్కడ ఎక్కడ చూస్తే అక్కడ ఉంది, మేకలు ఎగబడి తింటున్నాయి. కనబడిన ప్రతి చెట్టుకూ దండం పెట్టబోయి, ఇరవై దాటాక చెయ్యి దింపేశాను.

కోలాయత్ పెద్ద చెరువు, చుట్టూ రాతిమెట్లు, మెట్ల మీద రావిచెట్లు. కపిలముని తపస్సు చేసిన చోటట. మునిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పొద్దంతా మెట్ల మీదే కూర్చున్నాను. మనవాళ్ళు అవతలి గట్టున కనబడ్డారు, రుక్కమ్మక్క ఎరుపు చీర కనబడింది. వాళ్ళ దగ్గరికి పోలేదు. సాయంత్రం వత్తులకట్ట నెయ్యిలో తడిపి ముట్టించాను. మామూలుగా దండం పెట్టుకునేటప్పుడు ముందు మీ పేరు మనసులో అనుకుంటాను, తర్వాత శ్రీశైలం, కోడలు, మనుమడు, గొర్లు, చివరికి నేను. నిన్న ఎవరి పేరూ రాలేదు. కోపం అంతగా ఉంది. స్వామీ, ఈ కోపంతోనే వచ్చాను, దీనితోనే దండం తీసుకో అన్నాను. కట్ట పెద్దది కదా, మంట నిలువెత్తు లేచింది. పక్కనున్న ముసలమ్మ భయపడి వెనక్కి జరిగింది.

చంద్రుడు వచ్చాడు. అప్పుడు తెలిసింది, తినడానికి నా దగ్గర ఏమీ లేదని. ఎనిమిది రోజులు ముప్పై ఎనిమిది మందికి కట్టిచ్చినదాన్ని, నాకొక ముద్ద కట్టుకోలేదు. దుకాణాల దగ్గర తొక్కిసలాట. బస్సుల దగ్గరికి నడుస్తుంటే రోడ్డు పక్క ఖాళీ నేలలోంచి గొర్ల అరుపు వినబడింది. నా కాళ్ళు అటు పోయాయి. మంద తెల్లగా పరుచుకుని ఉంది, వంద దాకా ఉంటాయి. మంట దగ్గర ఎర్రపాగా పెద్దమనిషి ఒకడు సజ్జరొట్టెలు కొడుతున్నాడు. వాడి భార్య కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె నన్ను చూసి ఎవరని అడిగింది. ఏం చెప్పాలో తెలియక మందను చూపించి, "హమారే భీ ఐసేచ్" అన్నాను, మాకూ ఇలాంటివే అని. నమ్మలేదు. ఒక పిల్ల గొర్రె నడక చూసి దాని కాలు పట్టుకుని, గిట్టల మధ్య ఇరుక్కున్న ముల్లు తీసి చూపించాను. అప్పుడు ఆమె గొంగడి లాంటి దాన్ని దులిపి నాకు పరిచింది.

ఆయన రొట్టె నా చేతిలో పెట్టాడు. పైన నెయ్యి, పక్కన మిరపకాయ నూరిన కారం, గిన్నెలో పాలు. ఒక్కపొద్దు విడిచాను. ఎన్నేళ్ళ తర్వాతనో గాని, నేను కూర్చుని ఉండగా ఒకరు వండి నాకు వడ్డించారు. రొట్టె చూశాను. గుండ్రంగా, అంచు ఎక్కడా పగలకుండా, నాకంటే బాగా చేశాడు. ఆమెతో, "ఇంటి దగ్గర కూడా ఆయనే చేస్తాడా?" అని సైగలతో, వచ్చీరాని మాటలతో అడిగాను. ఆమె అర్థమైనాక కడుపు పట్టుకుని నవ్వింది. "ఘర్ మేఁ?" అని కళ్ళు పెద్దవి చేసి, "నమక్ కహాఁ రఖా హై, వో భీ నహీఁ జాన్‌తా!" అంది. మంద వెంట బయలుదేరితే వండుతాడట, ఇంటికి పోతే ఉప్పు డబ్బా కూడా దొరకదట! ఆయన సిగ్గుపడి పాగా సర్దుకున్నాడు. మేమిద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

నవ్వుతూ నవ్వుతూ నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మీరు ఏటా ఎండాకాలం గొర్లు తోలుకుని కర్ణాటక దిక్కు పోతారు. రెండు నెలలు, మూడు నెలలు. ఎవరు వండుతారు అక్కడ? మీరే. మీతో వచ్చిన శ్రీశైలమే చెప్పాడు, "నాయిన చేసే జొన్నరొట్టె నీకంటె మెత్తగ ఉంటదమ్మా" అని. నేను మురిసిపోయాను అప్పుడు! తిరిగొచ్చి గడప దాటగానే మీ చేతులు ఆ పని మరచిపోతాయి, "కొండా, రొట్టెలైనయా?" అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను మీకు చేతకాదనుకుని చేస్తున్నాను. అంగన్‌వాడీ రోజుల్లో అత్తకు గంజి కాచి ఇవ్వడం మీకు చేతనయ్యేదే. రాక కాదు. అది నా పని అని మీరు నిర్ణయించారు, అంతే.

జాతర ఆడవాళ్ళతో జీపులో తిరిగి వచ్చాను. ధర్మశాలలో అందరూ పూరీలు తింటున్నారు, జంగప్ప బాజారు నుంచి తెచ్చాడట. రుక్కమ్మక్క మొహం తిప్పుకుంది. బావ లేచి వచ్చి, "తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని మాట అది. తిన్నానన్నాను. ఈరోజు పొద్దున జంగప్ప తలుపు కొట్టలేదు. నేనే పోయి, అన్నం నేను వండుతాను, తరగడం తోమడం మీరందరూ చేయాలి అని చెప్పాను. వాడు ఉల్లిగడ్డలు తరుగుతూ ఏడుస్తుంటే నవనీత ఫోటో తీసింది. బస్సు మీది కాగితంలో "వంటమనిషి" కొట్టేసి నా పేరు రాశాను. బస్సులో డ్రైవరు పక్కన పీట వేశారు. అక్కడి నుంచి ముందు అద్దంలోంచి అంతా కనబడింది. మధ్యాహ్నం కోట చూసి వచ్చాను. బంగారు గదులు నిజమే, కానీ చీకటిగా ఉన్నాయి.

ఇక మన సంగతి. పెద్దేముల్ పోతానన్నాను. పోను. జీపులో వస్తూ ఆలోచించాను, నేనెందుకు పోవాలి? ఆ ఇంటి గోడలకు మట్టి మెత్తింది నేను. నేను వెళ్ళిపోతే మీరు రుక్కమ్మక్క ఇంట్లో తిని హాయిగా ఉంటారు, అందరూ కొండమ్మదే తప్పంటారు. నేను ఇంటికే వస్తాను.

ఆదివారం పొద్దున తాండూరులో దిగుతాం. మీరు స్టేషనుకు రావద్దు. ఆటోలో వచ్చేస్తాను. మీరు ఇంట్లో ఉండి పొయ్యి ముట్టించండి. జొన్నపిండి ఎడమచేతి అరలో, మూత ఎర్రగా ఉన్న డబ్బాలో ఉంది. ఉప్పు దాని వెనుకనే ఉంది. నేను ఆకలితో వస్తాను. వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. మీరు రొట్టెలు కాలుస్తూ, ఇరవై ఆరేళ్ళ కింద నేను రానన్నానని మేడంతో ఎందుకు చెప్పారో నాకు చెప్పండి. తొందర లేదు, మొదటి రొట్టె నుంచి చివరి రొట్టె దాకా చెప్పవచ్చు.

కూర మాత్రం పక్కింటి నుంచి తెప్పించవద్దు. ఎవరి చేతిదో నాకు ఒక్క ముద్దలో తెలిసిపోతుంది.

కొండమ్మ